ఇల్లు వడ్లకు ఇచ్చిన రోజు

"తాళంచెవి ఇచ్చేది లేదు. ఆ మాట ఇంకోసారి నా ముందర ఎత్తొద్దు."

చెంచురామయ్య కుర్చీని వాకిలివైపు తిప్పుకుని కూర్చున్నాడు. బయట జల్లు ఏటవాలుగా కొడుతోంది. వసారా సగం దాకా తడిసిపోయింది. పాదాల మీద నీళ్లు పడుతున్నా ఆయన కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

కోడలు భానుప్రియ వానకోటు విప్పకుండానే నిలబడి ఉంది. గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు ఆ పిల్ల. తెల్లారినప్పటినుంచి పల్లపు కాలనీలో ఇల్లిల్లూ తిరిగి, మధ్యాహ్నానికల్లా అందరూ తుఫాను షెల్టరుకు చేరాలని చెప్పి వచ్చింది. చెప్పయితే వచ్చింది గానీ షెల్టరుకు తాళం వేసి ఉంది. లోపలంతా మామగారి వడ్ల బస్తాలు.

"వాళ్లు మూటలు కట్టుకుంటుండారు మామా."

"కట్టుకోనీ. బడి ఉండాది గదా. పోయిన తుఫానుకు బళ్లోనే గదా పడుకునింది."

"బడి రేకులు అప్పుడే లేచిపోయినయి. మళ్లీ అక్కడ మనుషుల్ని పెట్టొద్దని ఆర్డరు."

"ఎడగారు వడ్లు అవి, రెండో పంటవి. ఆరబోసే టయానికి వాన పట్టుకునింది. నన్ను యాడ పెట్టుకోమంటావు, నడివీధిలోనా? ఆ షెల్టరుకు స్థలం ఇచ్చింది మా నాయన. కట్టినాక తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది మీ ఆఫీసర్లే."

"స్థలం మనమే ఇచ్చినాం మామా, కాదనను. బిల్డింగు కట్టింది మటుకు తుఫాను కోసం."

వంటింట్లో ఆదిశేషమ్మ చింతపండు పిసుకుతోంది. షెల్టరుకు వచ్చేవాళ్లకు పులిహోర కలిపి పంపుదామని పొద్దున్నే పెద్ద గిన్నె పొయ్యెక్కించింది. మొగుడి గొంతు విని ఆమె చెయ్యి చింతపండులోనే ఆగిపోయింది. వడ్లు షెల్టరులో వేసిననాడే ఆమెకు మనసు ఒప్పలేదు. వాన తెరిపిస్తే తీసేస్తాడులే అనుకుంది. వాన తెరిపియ్యలేదు.

"ఇంకో మాట కూడా చెప్పాల మామా," అంది భానుప్రియ. "తహసీల్దారు గారు ఫోన్ చేసి షెల్టరు రెడీనా అని అడిగినారు. లేదు సార్, లోపల వడ్లు ఉండాయని చెప్పినా."

"ఎవరి వడ్లని చెప్పినావు?"

"అడిగినారు. చెప్పినా."

గుమ్మానికి ఆనుకుని ఉన్న కొడుకు ప్రవీణ్ వైపు తిరిగాడు చెంచురామయ్య.

"విన్నావా? నీ పెళ్లాం ఇంటిమీద ఆఫీసుకు చాడీ చెప్పింది."

ప్రవీణ్ ట్రాక్టరు తాళాన్ని వేలికి తిప్పుకుంటూ నేల చూశాడు. ఒక మాట అంటాడేమోనని భానుప్రియ ఎదురుచూసింది. అనలేదు. మామ అన్న మాటకన్నా మొగుడు అనని మాటే ఆ పిల్లకు ఎక్కువ తగిలిందని ఆదిశేషమ్మకు వంటింట్లోంచే తెలిసింది.

"సరే మామా," అంది భానుప్రియ. "తాళం పగలగొట్టిస్తా. నాకు వేరే దారి లేదు."

"పగలగొట్టించు. పగలగొట్టించినాక మళ్లా ఈ గడప ఎక్కొద్దు."

ఆదిశేషమ్మ చెయ్యి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ వసారాలోకి వచ్చి మొగుడి కుర్చీకి ఎదురుగా, జల్లు పడేచోటే నిలబడింది. ఎప్పుడు ఏం చెప్పాలన్నా అన్నం పెట్టేటప్పుడు కంచం వైపు చూస్తూ చెప్పే మనిషి ఆమె. ఈసారి ఆయన మొహం చూస్తూ చెప్పింది.

"వడ్లు ఇంట్లో పెడదాం."

"ఇంట్లో యాడుండాది చోటు?"

"మనం లేకపోతే ఉంటది."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. "మనం యాడికి పోతాం?"

"షెల్టరుకు. అందరితో పాటు."

"నేను పోయి ఆ జనంలో చాప పరుచుకోవాల్నా?"

"నేను పరుస్తాలే."

"ఇంట్లోకి నీళ్లొస్తే?"

"వస్తే కింది వరస తడుస్తది. పై వరసలు దక్కుతయి. ఆ కాలనీలో ముసలోళ్లు, చంటిబిడ్డలు ఉండారు. వాళ్లను ఒకరి మీద ఒకర్ని పేర్చలేం గదా."

చెంచురామయ్య లేచాడు. మొలతాడుకున్న తాళంచెవి విప్పి కుర్చీలో పడేసి, ఎవరివైపూ చూడకుండా పెరట్లోకి వెళ్లిపోయాడు. ఇచ్చాడని అనడానికి లేదు, ఇవ్వలేదని అనడానికీ లేదు.

తాళంచెవి తీసింది ప్రవీణ్. తీసి భార్య చేతిలో పెట్టాడు. "నేను ట్రాక్టరు తెస్తా," అన్నాడు. ఆ పిల్ల తల ఊపింది గానీ మొగుడి మొహం చూడలేదు.

* * *

ట్రాక్టరు ట్రక్కు మీద పట్టలు కప్పుకుని బస్తాలు ఇంటిదారి పట్టాయి. పడకగది నిండింది. నడవ నిండింది. మంచాల మీద, బీరువా పక్కన, చివరికి వంటింటి అరుగు మీద కూడా బస్తాలే. దేవుడి గూటి ముందు దీపం పెట్టేంత చోటు మాత్రం వదిలారు.

సగం బస్తాలు షెల్టరులో ఉండగానే కాలనీ జనం వచ్చేశారు. ముందు జయశీల, రొయ్యల గుంటల దగ్గర పనిచేసే మనిషి. అత్తను చంకకింద చెయ్యేసి నడిపించుకుంటూ వచ్చింది. ముసలామె ఒక్కో మెట్టుకూ ఆగి ఊపిరి తీసుకుంటోంది. గుమ్మంలోకి వచ్చి లోపల బస్తాల గుట్టలు చూసి జయశీల నిలబడిపోయింది.

"పోయిన తుఫానుకు షెల్టరు రిపేరులో ఉండాదని చెప్పి మమ్మల్ని బడికి తోలినారు," అంది. "ఇదా ఆ రిపేరు?"

బస్తాలు మోస్తున్నవాళ్లు ఆగిపోయారు. భానుప్రియ ఏదో చెప్పబోయింది. ఆదిశేషమ్మ ముందుకు వచ్చింది.

"అప్పుడు కూడా మావే ఉండాయి జయశీలా. రిపేరు ఏం లేదు."

"బళ్లో రేకు లేచిపోతే తెల్లార్లూ బిడ్డల మీద బొంతలు పట్టుకుని నిలబడినాం అమ్మా. తెలుసునా నీకు?"

"తర్వాత తెలిసింది."

"తెలిసినాక?"

ఆదిశేషమ్మ పక్కకు జరిగి ముసలామెకు దారి ఇచ్చింది. జయశీల అత్తను గోడ వారగా కూర్చోబెట్టి, మూలనున్న చీపురు తీసుకుని ఖాళీ అయిన మేర ఊడవడం మొదలుపెట్టింది. బస్తాలకు మాత్రం చెయ్యి వెయ్యలేదు. ఆమె వెనక వచ్చిన మగవాళ్లు కొందరు మొగమొగాలు చూసుకుని, లుంగీలు ఎగగట్టి మోత అందుకున్నారు. కొందరు ఊరికే నిలబడి చూశారు. వాళ్లను అడిగే ధైర్యం ఆదిశేషమ్మకు లేకపోయింది.

బీజాన్ కుట్టు మిషను తలకాయను దుప్పటిలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చింది. పెద్దవీధి చివర వాళ్లది రేకుల ఇల్లు. మొగుడు బడేసాహెబ్ వడ్రంగి పని చేస్తాడు.

"ఆయన యాడ బీజాన్?"

"రేకులకు తాళ్లు బిగించి వస్తానన్నాడక్కా. మీ ఆయన?"

"వస్తాడు," అంది ఆదిశేషమ్మ.

ఆయన రాలేదు. చివరి ట్రక్కుతో వెళ్లిన ప్రవీణ్ ఒక్కడే తిరిగొచ్చాడు. ఎంత పిలిచినా కదల్లేదట. వడ్లు ఎక్కడుంటే నేనూ అక్కడే, మీరు పొండి, అన్నాడట.

* * *

పొద్దు వాలకముందే గాలి లేచింది. షెల్టరు కిటికీల చెక్కలు మూసినా సందుల్లోంచి ఈల వేస్తోంది. కరెంటు పోయింది. భానుప్రియ జనరేటరు వేసి, పైన ట్యాంకులో నీళ్లు చూసుకుని, వచ్చిన వాళ్లందరికీ పులిహోర అందిందో లేదో కనుక్కుని, చివరికి అత్త పక్కన గోడకు జారగిలబడింది.

"నేను ఆ మాట చెప్పకుండా ఉండాల్సిందా అత్తా?"

"చెప్పకపోయుంటే ఇంతమందీ యాడుంటారు ఇప్పుడు?"

"మామ ఒక్కడే ఉండాడు అక్కడ."

"అది నీవల్ల కాదు. ఆయన సంగతి నాకు తెలుసు." ఆదిశేషమ్మ కోడలి తడి జుట్టు విప్పి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. పెళ్లై వచ్చాక ఆ పిల్ల తల మీద ఆమె చెయ్యి వెయ్యడం అదే మొదలు. ఇద్దరూ ఆ సంగతి గమనించి, గమనించనట్టే ఉన్నారు.

జయశీల గొంతు వినబడింది. "అమ్మాయ్, మా అత్తను చూడు."

ముసలామె ఊపిరి పిల్లికూతలు పెడుతోంది. పెదవులు నల్లబడుతున్నాయి. భానుప్రియ వెంటనే 108కి ఫోన్ చేసింది. తుఫానుకని మండలంలో ముందే ఒక బండి నిలబెట్టి ఉంచారు. అది బయలుదేరింది కూడా. కాసేపటికి డ్రైవరే ఫోన్ చేశాడు.

"కల్వర్టు దగ్గర రోడ్డు మీద నీళ్లుండాయి మేడం. బండి తోలలేను. లోతు తెలియడం లేదు."

భానుప్రియ కిటికీ చెక్క కొద్దిగా తెరిచింది. ఊరి ముందర కల్వర్టు మేర రోడ్డు కనిపించడం లేదు. రెండువైపులా ఒకటే నీళ్లు. అవతల అంబులెన్సు నీలం లైటు తిరుగుతూ ఉంది.

"నీళ్లెందుకు పోవడం లేదు అక్కడ?" అడిగింది జయశీల.

భానుప్రియ అత్తవైపు ఒకసారి చూసి చెప్పింది. "కల్వర్టు తూము అవతలే మా నారుమడి. నారు మునగకుండా మామ గట్టు ఎత్తు చేసినాడు. తూములోంచి వచ్చిన నీళ్లకు ఆ గట్టు అడ్డం. మడిలోంచి మురుగుకాలువ దాకా చిన్న కాలువ తీద్దామని వేసవిలో అడిగినా. ఒప్పుకోలేదు."

జయశీల అత్త వీపు రాస్తూ కూర్చుంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆదిశేషమ్మకు.

ప్రవీణ్ లేచాడు. "నేను పోయి ఆ గట్టు కొట్టొస్తా."

"గాలికి చెట్లు పడుతుండాయి. ఎవురూ బయటికి పోకూడదు," అంది భానుప్రియ. పొద్దుటినుంచి మొగుడితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"పొద్దున నోరు తెరవాల్సిన చోట తెరవలేదు భానూ. ఇప్పుడన్నా ఏదో ఒకటి చెయ్యనీ."

"నువ్వు నీళ్లలో కొట్టుకునిపోతే అది నాకు చేసినట్టు కాదు."

ప్రవీణ్ తల్లివైపు చూశాడు. పొమ్మంటే పోయేటట్టున్నాడు. మూలన ముసలామె ఊపిరి, బయట గాలి. ఆదిశేషమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కూర్చోబెట్టినాక ఆ చెయ్యి వదల్లేదు. తన బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఇంకొకరి తల్లి ఊపిరి వింటూ ఉండడం ఎంత కష్టమో ఆమెకే తెలిసింది.

కిటికీ దగ్గరే ఉన్న భానుప్రియ ఉన్నట్టుండి చెక్క పూర్తిగా తెరిచింది. జల్లు లోపలికి కొట్టింది.

"అత్తా, ఇట్టా రా. ఆ రాయి చూడు. ఇందాక కనపడలేదు."

అవతల బండి లైట్ల వెలుగులో కల్వర్టు పక్కనుండే తెల్లరంగు రాయి తల నీళ్లలోంచి బయటికొచ్చింది. చూస్తుండగానే మెడ కూడా బయటపడింది. వాన తగ్గలేదు. గాలి తగ్గలేదు. నీళ్లు మాత్రం తగ్గుతున్నాయి. రోడ్డు నల్లగా, పాము వీపులా పైకి తేలింది. నీలం లైటు మెల్లగా కదిలింది.

ముసలామెను ప్రవీణ్, ఇంకో ఇద్దరూ కుర్చీలో మోసుకుపోయి మెట్లకింద ఆగిన బండిలో ఎక్కించారు. ఆక్సిజన్ పెట్టిన తర్వాత ఆమె కళ్లు తెరిచి కోడలి చెయ్యి వెతుక్కుంది. జయశీల బండెక్కుతూ ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"ఎవురో గట్టు కొట్టినారు," అంది.

ఎవరన్నది ఆ రాత్రంతా ఆదిశేషమ్మ మనసులో తిరుగుతూనే ఉంది. ఆ గాలిలో ఆ పని చేసిన మనిషి తిరిగి ఇంటికి చేరాడా అన్నది కూడా.

* * *

తెల్లారి గాలి అణిగింది. ప్రవీణ్, భానుప్రియ వెంట రాగా ఆదిశేషమ్మ బురదలో కాలు ఈడ్చుకుంటూ ఇంటిదాకా నడిచింది. ఊళ్లో కొబ్బరిచెట్లు విరిగి రోడ్డుకు అడ్డంగా పడి ఉన్నాయి. బీజాన్ ఇంటిమీద ఒక్క రేకు లేదు. ప్రవీణ్ ముందుకు పరిగెత్తి తమ ఇంటి తలుపు తోశాడు.

చెంచురామయ్య బస్తాల మీద కూర్చుని ఉన్నాడు. కాళ్లకు మోకాళ్లదాకా ఎండిన బురద. పక్కన బడేసాహెబ్, అరచేతికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. వంటింట్లో ఎక్కడో చోటు చేసుకుని బెల్లం టీ కాచినట్టున్నారు, ఇద్దరి చేతుల్లోనూ గ్లాసులున్నాయి.

ఆదిశేషమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"రేకులు లేచిపోయినాక ఈడికి వచ్చినానక్కా," అన్నాడు బడేసాహెబ్. "వచ్చేసరికి అన్న పార తీసుకుని బయల్దేరుతుండాడు. ఒక్కణ్ణి పోనిచ్చేదా? ఇద్దరం ఒకరి నడుం ఒకరం పట్టుకుని పోయినాం."

"రోడ్డు కోసమా నాయనా?" అడిగాడు ప్రవీణ్.

"రోడ్డూ లేదు ఏమీ లేదు," అన్నాడు చెంచురామయ్య. "నీళ్లు ఇంట్లోకి ఎక్కుతుండాయి. వడ్లు తడుస్తాయని కొట్టినా."

బడేసాహెబ్ గ్లాసులోకి చూసుకున్నాడు. "అన్న కిటికీలోంచి ఆ నీలం లైటు చూస్తానే ఉన్నాడు," అని మాత్రం అన్నాడు.

చెంచురామయ్య అతనివైపు కోపంగా చూశాడు. కాదని మాత్రం అనలేదు. ఎవరినని కాకుండా అడిగాడు. "బండిలో పోయింది ఎవురు?"

"జయశీల వాళ్లత్త మామా," అంది భానుప్రియ. "ఇప్పుడు బాగుండాది. ఆస్పత్రినుంచి ఫోన్ చేసినారు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "కింది వరస తడిసింది," అన్నాడు భార్యతో. "నువ్వు చెప్పినట్టే."

గడప ఎక్కొద్దన్న మాట భానుప్రియకు గుర్తుందని ఆదిశేషమ్మ గమనించింది. ఆ పిల్ల ఇంకా బయటే, బురదలోనే ఉంది. చెంచురామయ్య కూడా గమనించినట్టున్నాడు. రమ్మని నోటితో అనలేదు. లేచి, గుమ్మానికి అడ్డంగా ఉన్న బస్తాను రొమ్ముకు ఎత్తుకుని పక్కకు జరిపాడు. దారి అయింది. ఆ పిల్ల లోపలికి వచ్చింది.

* * *

ఎండ పొడ కనిపించే వేళకు తహసీల్దారు నరేంద్రబాబు జీపులో వచ్చాడు. ఆయన వెనకే కరెంటు స్తంభాలు మోసుకుంటూ లారీ, చెట్లు కొట్టే రంపాలతో మనుషులు. అందరూ ఆ కల్వర్టు మీదుగానే వచ్చారు. జీపు దిగి ఆయన అక్కడే ఆగాడు. ఇంట్లోవాళ్లు, కాలనీవాళ్లు ఒక్కొక్కరే చేరారు.

గట్టు తెగినచోట నుంచి నీళ్లు ఇంకా సన్నగా పారుతున్నాయి. నారుమడి లేదు. పచ్చగా ఉండాల్సిన చోట ఇసుక మేట.

"షెల్టరులో వడ్లు పెట్టింది మీరేనా పెద్దాయనా?" అడిగాడు నరేంద్రబాబు.

"నేనే."

"నోటీసు ఇవ్వాల్సి ఉంటుంది. తాళంచెవి కూడా ఇకమీద ఊరి కమిటీ దగ్గర ఉంటుంది."

"ఇయ్యండి," అన్నాడు చెంచురామయ్య. జనంలో ఎవరో గొణిగారు. ఆయన తల తిప్పలేదు.

తహసీల్దారు కాసేపు ఆ పారే నీళ్లను చూశాడు. "రాత్రి ఈ గట్టు తెగకపోయి ఉంటే ఈ బండ్లేవీ ఇవాళ ఊళ్లోకి వచ్చేవి కావు. భానుప్రియ గారూ, ఇక్కడ కాలువ తియ్యాలని వేసవిలో ప్రపోజలు పెట్టారు కదా. ఏమైంది?"

భానుప్రియ మామవైపు చూడకుండా ఉండటానికి చాలా ప్రయత్నం చేసింది. "భూమి దొరకలేదు సార్."

"ఇప్పుడు పెడితే తుఫాను పనుల కింద తొందరగా మంజూరు కావచ్చు. నా వంతు నేను రాస్తా. భూమి ఇచ్చేవాళ్లు ఒప్పుకోవాలి మరి." ఆయన చెంచురామయ్య వైపు తిరిగాడు. "ఏమంటారు?"

చెంచురామయ్య తుడిచిపెట్టుకుపోయిన మడిని చివరిదాకా చూశాడు. మళ్లీ నారు పోసుకోవాలంటే గట్టు ఇవాళే కట్టాలి. కాలువ తియ్యాలంటే గట్టు ఇక ఎప్పటికీ కట్టకూడదు.

"నన్నడిగితే ఎట్టా?" అన్నాడు. "ఈ మడి నాది కాదు. మా అత్తగారోళ్లు కూతురికి పసుపు కుంకుమ కింద రాసిచ్చింది. ఆమెది. ఆమెను అడగండి."

అందరూ ఆదిశేషమ్మ వైపు తిరిగారు.

మడి తన పేరున ఉందని ఆమెకు తెలుసు. పన్ను రసీదు తన పేరునే వస్తుంది. వేసవిలో కోడలు వచ్చి అడిగింది మామగారిని. లేదన్నదీ ఆయనే. తనను అడగొచ్చని ఆ రోజు ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. తనకే తట్టలేదు.

ఇంటికి కావలసిన బియ్యం పండే మడి అది. ఆస్పత్రినుంచి తిరిగొచ్చి అప్పుడే ఆటో దిగిన జయశీల కూడా జనం వెనక నిలబడి చూస్తోంది. చెంచురామయ్య మొహంలో ఏముందో చదవాలని చూసింది ఆదిశేషమ్మ. ఇవ్వమంటున్నాడో, వద్దంటున్నాడో తెలియలేదు.

ఆమె చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని గట్టు తెగినచోట నీళ్లలోకి దిగింది. పిక్కల దాకా వచ్చాయి. ఒక కాలు ఇవతల, ఒక కాలు అవతల పెట్టి నిలబడి కోడలివైపు చూసింది.

"కాలువ ఎంత వెడల్పు తీస్తారమ్మా?"